అధిక రక్తపోటు, బృహద్ధమని కాఠిన్యం, విదారణ ముప్పు: హుస్నాబాద్ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అధిక రక్తపోటు దీర్ఘకాలం కొనసాగినప్పుడు బృహద్ధమని గోడ సాగేగుణాన్ని కోల్పోయి బిరుసెక్కుతుంది. ఆ గోడ పొరలు విడిపోయి రక్తం వాటి మధ్యకు చొచ్చుకుపోయే స్థితిని బృహద్ధమని విదారణ అంటారు. ఇది అరుదైనది, అయితే గంటల వ్యవధిలో ప్రాణం తీయగలది. కాఠిన్యానికీ విదారణకూ ఉన్న సంబంధం ఎటువంటిది, దానికి ఆధారాల బలం ఎంత, హైదరాబాదు కేంద్రంగా జరిగిన పరిశోధనలు ఈ విషయంలో ఏమి చెబుతున్నాయి, హుస్నాబాద్ వంటి పట్టణంలో ఈ వ్యాధి ఎందుకు కంటికి కనబడకుండా పోతోంది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అధిక రక్తపోటు, బృహద్ధమని, కాఠిన్యం, నాడీతరంగ వేగం, విదారణ, హుస్నాబాద్, మౌఖిక శవపరీక్ష.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. పాలనాపరమైన సరిహద్దు మారినా వైద్యం కోసం ఇక్కడి ప్రజలు నేటికీ సిద్దిపేట, కరీంనగర్, వరంగల్ అనే మూడు దిక్కులకూ వెళుతుంటారు. గుండె, రక్తనాళాలకు సంబంధించిన పెద్ద శస్త్రచికిత్స అవసరమైతే దాదాపు నూట నలభై కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదే గతి. ఈ దూరం ఈ వ్యాసంలో మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

ఊళ్ళో యాభై ఏళ్ళ మనిషి పొద్దున పొలానికి వెళ్ళి ఛాతీ పట్టుకొని కూలిపోతే ఆ మరణానికి మన భాషలో ఒకే పేరుంది: గుండెపోటు. ‘రక్తపోటు’లోనూ ‘గుండెపోటు’లోనూ ఉన్నది ఒకే పోటు. మొదటిదానిలో అది ఒత్తిడి, ఉద్ధృతి. రెండవదానిలో పొడిచినట్లుండే బాధ. ఈ రెండింటికీ నడుమ బృహద్ధమని అనే అవయవం ఒకటి ఉందని, అది చిరిగిపోవడం వల్ల కూడా మనిషి ఇదే తీరుగా మరణించవచ్చునని చెప్పే మాట వాడుకలో లేదు. పేరు లేని వ్యాధి లెక్కకు రాదు. దేశంలో నమోదయ్యే మరణాలలో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి నాలుగో వంతు కంటే తక్కువ. ఇంట్లో సహజంగా సంభవించిన హఠాన్మరణానికి శవపరీక్ష జరగడం అరుదు.

ఈ వ్యాధి వైద్యచరిత్రలోకి వచ్చిందే శవపరీక్ష ద్వారా. 1760 అక్టోబరు 25న బ్రిటన్ రాజు రెండవ జార్జి హఠాత్తుగా మరణించాడు. రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్ దేహాన్ని కోసి చూసినప్పుడు గుండె చుట్టూ ఉన్న సంచి గడ్డకట్టిన రక్తంతో నిండి ఉంది, బృహద్ధమనిలో చిరుగు కనిపించింది. రాజు కాబట్టి కోసి చూశారు.

2. ధమని: పేరు, పని:

భాషాసాహిత్య పరిశోధకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి. సంస్కృతంలో ‘ధమని’ శబ్దానికి మూలం ఊదడం అనే అర్థమున్న ధాతువు. కొలిమి తిత్తిని ఊదడం వంటి క్రియ. గ్రీకులు ధమనికి పెట్టిన పేరు కూడా మొదట గాలిగొట్టానికి చెందినదే. మరణించినవారి దేహంలో ధమనులు ఖాళీగా కనిపించడంతో వాటిలో గాలి ప్రవహిస్తుందని గ్రీకులు భావించారు. శరీరశాస్త్రం దృష్ట్యా ఇది పొరపాటే అయినా, గాలితిత్తితో పోలిక మరొక దారిలో సరైనదని తేలింది.

గుండె రక్తాన్ని ధారగా పంపదు, విడివిడి దెబ్బలుగా నెడుతుంది. ఒక్కొక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, రోజుకు దాదాపు లక్షసార్లు. ఆ దెబ్బ పడినప్పుడు బృహద్ధమని ఉబ్బి, వచ్చిన రక్తంలో సుమారు సగాన్ని తనలో నిలుపుకుంటుంది. గుండె విశ్రమించే క్షణంలో అది తిరిగి ముడుచుకొని ఆ రక్తాన్ని ముందుకు నెడుతుంది. అందుకే మెదడుకూ మూత్రపిండాలకూ ప్రవాహం తెగకుండా అందుతుంది. 1733లో స్టీఫెన్ హేల్స్ ఈ పనిని మంటలార్పే యంత్రంలోని గాలిగదితో పోల్చాడు. 1899లో ఒట్టో ఫ్రాంక్ దానికి గణితరూపం ఇచ్చాడు.

ఈ సాగేగుణం ఎలాస్టిన్ అనే ప్రొటీను వల్ల వస్తుంది. బృహద్ధమని నడిమి పొరలో ఎలాస్టిన్ పలకలు ఒకదానిపై ఒకటి పదుల సంఖ్యలో పేర్చి ఉంటాయి. వాటి మధ్య మృదు కండరకణాలు, కొల్లాజెన్ నారలు ఉంటాయి. తక్కువ ఒత్తిడిలో భారాన్ని ఎలాస్టిన్ మోస్తుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ బిరుసైన కొల్లాజెన్ మీదికి ఆ భారం మళ్ళుతుంది. గమనించవలసినది ఏమంటే, శరీరం ఎలాస్టిన్‌ను ప్రధానంగా తల్లి గర్భంలోనూ శైశవంలోనూ తయారుచేసుకుంటుంది. ఆ తరువాత జీవితమంతా ఆ పాత సరుకుతోనే నడవాలి. ప్రతి దెబ్బకూ సాగి ముడుచుకునే పలకలు దశాబ్దాలు గడిచేసరికి అలసి తెగుతాయి. వాటి స్థానంలో చేరేది కొల్లాజెన్. వయసుతో అందరిలోనూ జరిగే ఈ మార్పును అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, మూత్రపిండాల జబ్బు త్వరితం చేస్తాయి.

దీని బాహ్యలక్షణం రక్తపోటు అంకెల్లోనే కనిపిస్తుంది. యాభై, అరవై ఏళ్ళు దాటాక పై అంకె పెరుగుతూ కింది అంకె తగ్గుతూ పోవడం బృహద్ధమని బిరుసెక్కిందనడానికి గుర్తు. ‘కింది బీపీ మంచిగనే ఉన్నది’ అని 170/70 చూసి ఊరట చెందడం సరికాదు. అక్కడ ఆందోళన కలిగించవలసింది ఆ వందకూ ఉన్న అంతరమే.

3. కాఠిన్యాన్ని కొలవడం: హైదరాబాదు పరికరం:

గుండె దెబ్బ వల్ల పుట్టిన తరంగం ధమని గోడ వెంట ప్రయాణిస్తుంది. గోడ ఎంత బిరుసుగా ఉంటే తరంగం అంత వేగంగా వెళుతుంది. 1878లో మోయెన్స్, కోర్టెవెగ్ అనే డచ్ శాస్త్రజ్ఞులు రూపొందించిన సమీకరణం ప్రకారం వేగం వర్గం గోడ బిరుసుతనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే నాళం మందమూ వ్యాసమూ మారకుండా తరంగవేగం రెట్టింపైతే బిరుసుతనం నాలుగు రెట్లయినట్లు. ఆరోగ్యవంతుడైన యువకునిలో ఈ వేగం సెకనుకు 5, 6 మీటర్లు. మెడ నుంచి గజ్జ వరకు కొలిచినప్పుడు అది 10 మీటర్లు దాటితే అవయవాలకు హాని మొదలైనట్లుగా 2012 నుంచి పరిగణిస్తున్నారు. అర మీటరు దూరాన్ని సెకనుకు 6 మీటర్ల వేగంతో దాటడానికి 83 మిల్లీసెకన్లు పడితే, 12 మీటర్ల వేగంతో 42 చాలు. ఫలితంగా కింది భాగం నుంచి ప్రతిఫలించిన తరంగం గుండె ఇంకా రక్తాన్ని నెడుతూ ఉండగానే తిరిగి వచ్చి పై ఒత్తిడిని మరింత పెంచుతుంది.

ఈ కొలత మనకు పరాయిదేమీ కాదు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎం.యు.ఆర్. నాయుడు, ఆయన సహచరులు ‘పెరిస్కోప్’ అనే పరికరం ప్రామాణికతను పరీక్షించి 2005లో ఒక అంతర్జాతీయ బయోమెడికల్ ఇంజనీరింగ్ పత్రికలో ప్రచురించారు. రెండు చేతులకూ రెండు చీలమండలకూ పట్టీలు కట్టి, నాలుగుచోట్ల ఒత్తిడి కంపనాలను ఏకకాలంలో నమోదుచేసి, వాటి ఆధారంగా తరంగవేగాన్ని లెక్కగట్టడం దాని పద్ధతి. నైపుణ్యం గల నిపుణుడు గజ్జవద్ద నాడి పట్టి కొలవవలసిన అవసరాన్ని ఇది తగ్గించింది. చీరకట్టులో వచ్చే గ్రామీణ స్త్రీని పరీక్షించడంలో ఇది చిన్న సౌలభ్యం కాదు. ఆ పరికరం రెండు చేతుల రక్తపోటును ఒకేసారి చూపుతుంది కూడా. రెండు చేతుల మధ్య తేడా విదారణకు ఒక ముఖ్యచిహ్నమని ముందు చూస్తాం. అయితే ఆ పరికరాన్ని అందుకోసం తయారుచేయలేదు, విదారణ అనుమానం ఉన్నవారిపై అటువంటి పరీక్షతో కాలయాపన చేయకూడదు.

4. పొర విడిపోవడం:

గోడపై పడే లాగుడును ఒత్తిడిని వ్యాసార్థంతో హెచ్చించి, గోడ మందంతో భాగించి అంచనా వేస్తారు. రక్తపోటు 120 నుంచి 160కి పెరిగి, బృహద్ధమని వ్యాసార్థం 1.2 సెంటీమీటర్ల నుంచి 1.5కి వ్యాకోచించిందనుకుందాం. మందం మారకపోతే లాగుడు దాదాపు మూడింట రెండు వంతులు అధికమవుతుంది. శరీరం గోడను మందంగా మార్చి దీన్ని సర్దుకోజూస్తుంది. కానీ మందమైన గోడ బయటి భాగానికి రక్తాన్ని అందించే సన్నని నాళాలు అధిక రక్తపోటులో తామే దెబ్బతింటాయి. నడిమి పొరలో కండరకణాలు నశిస్తాయి, పలకల మధ్య అతుకు బలహీనపడుతుంది.

బిరుసు గోడ గట్టిగా ఉండాలి కదా, చిరగడం ఎందుకు అన్న సందేహం సహజం. బిరుసుతనం వేరు, బలం వేరు. ఎండకు ఎండిన పాత సైకిల్ ట్యూబు కొత్తదానికంటే బిరుసుగా ఉంటుంది; పగిలేదీ అదే. లోపలి పొరలో చిరుగు ఏర్పడినప్పుడు రక్తం ఉల్లిపొరల మధ్య నీరు దూరినట్లు నడిమి పొరలోకి దూరి, ప్రతి దెబ్బకూ ఆ చీలికను ముందుకు నడుపుతుంది. అది గుండెను ఆనుకొని ఉన్న ఆరోహణ భాగంలో ఉంటే స్టాన్‌ఫర్డ్ ‘ఎ’ రకం, కేవలం అవరోహణ భాగంలో ఉంటే ‘బి’ రకం. మొదటిదానికి అత్యవసర శస్త్రచికిత్స కావాలి. రెండవదానికి, ఉపద్రవాలు లేనట్లయితే, ముందుగా మందులతో చికిత్స చేస్తారు. శస్త్రచికిత్స చేయని ‘ఎ’ రకంలో గంటకు ఒకటి రెండు శాతం మంది మరణిస్తారని పాత లెక్క. 2022లో వెలువడిన అంతర్జాతీయ నమోదు విశ్లేషణ దానిని గంటకు సుమారు అర శాతానికి సవరించింది. తగ్గినా అది చిన్న అంకె కాదు; హుస్నాబాద్ నుంచి హైదరాబాదుకు గల ప్రయాణకాలాన్ని దానితో హెచ్చించి చూడవచ్చు.

ఈ శస్త్రచికిత్సకు మార్గదర్శకుడైన మైకేల్ డిబేకీ స్వయంగా 2005 డిసెంబరు 31న, తన 97వ ఏట, ఇదే వ్యాధికి గురయ్యాడు. ఆయన తొలుత తనకు గుండెపోటేనని భావించాడు.

5. ఆధారాల బలం ఎంత?

అధిక రక్తపోటుకూ విదారణకూ సంబంధం నిస్సందేహమైనది. అంతర్జాతీయ నమోదులో 2000 సంవత్సరంలో ప్రకటించిన 464 మంది రోగులలో 72 శాతం మందికి రక్తపోటు చరిత్ర ఉంది. 2013లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ జనాభా అధ్యయనం, చికిత్సలో ఉండి కూడా అదుపులోకి రాని రక్తపోటును సరిచేయదగిన కారణాలలో ప్రధానమైనదిగా గుర్తించింది. కాఠిన్యానికీ సాధారణ హృద్రోగాలకూ సంబంధం కూడా బలమైనదే. తరంగవేగం సెకనుకు ఒక మీటరు పెరిగితే హృదయనాళ ఉపద్రవాల ముప్పు సుమారు 14 శాతం పెరుగుతుందని 2010లో 17 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. పైగా 2012లో ఫ్రేమింగ్‌హామ్ పరిశోధకులు కాఠిన్యం రక్తపోటుకు కేవలం ఫలితం కాదని, అనేకులలో దానికి ముందే మొదలవుతుందని చూపారు.

కాఠిన్యం నుంచి విదారణకు వెళ్ళే మెట్టు మాత్రం ఇంత దృఢంగా లేదు. కారణం అంకగణితంలోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్ లెక్క ప్రకారం ఏడాదికి లక్షమందిలో ఆరుగురికి విదారణ వస్తుంది. పదివేల మంది తరంగవేగాన్ని కొలిచి పదేళ్ళు అనుసరించినా ఆరుగురే తేలుతారు. విదారణ జరిగాక కొలిస్తే కాఠిన్యం కారణమో ఫలితమో చెప్పలేము. అందువల్ల యాంత్రికశాస్త్రమూ కణజాల పరిశీలనా మార్ఫాన్ వంటి జన్యువ్యాధుల అనుభవమూ ఒకే దిక్కును చూపుతున్నా, ‘నీ తరంగవేగం ఇంత కాబట్టి నీ బృహద్ధమని చిరుగుతుంది’ అని ఒక వ్యక్తికి చెప్పడానికి అధికారం లేదు. వ్యాసం కొలత కూడా పూర్తి రక్షణ ఇవ్వదు. 2007లో అదే నమోదు నుంచి వచ్చిన పరిశీలనలో ‘ఎ’ రకం విదారణకు గురైనవారిలో సగానికి పైగా శస్త్రచికిత్సకు నిర్ణయించిన 5.5 సెంటీమీటర్ల హద్దుకు లోపలే ఉన్నారు. పత్రికలలో ‘ధమని పరీక్షతో ముప్పును ముందే కనిపెట్టవచ్చు’ వంటి శీర్షికలు కనిపించినప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఔషధాల విషయంలో ఒక వైరుధ్యం ఉంది. 2006లో ప్రకటించిన కేఫ్ అధ్యయనంలో రెండు రకాల చికిత్సలు చేతి వద్ద రక్తపోటును ఇంచుమించు సమానంగా తగ్గించినా, బృహద్ధమనిలోని పై ఒత్తిడి అటెనొలాల్ తీసుకున్నవారికంటే ఆమ్లోడిపిన్ ప్రధానంగా తీసుకున్నవారిలో 4.3 మి.మీ. తక్కువగా నమోదైంది. అంటే బిరుసెక్కిన ధమనికి రోజువారీ చికిత్సగా బీటా నిరోధకం మొదటి ఎంపిక కాదు. అదే ధమని చిరిగిన క్షణంలో మొదట ఇవ్వవలసింది బీటా నిరోధకమే. గుండె కొట్టే దెబ్బ వడిని తగ్గించడం అప్పటి లక్ష్యం. నిమిషానికి 60 లోపు నాడి, 100-120 మధ్య పై ఒత్తిడి. నాళాలను సడలించే మందు ఒక్కటే ఇస్తే గుండె వడి పెరిగి చీలిక ముందుకు నడుస్తుంది. నాలుక కింద నిఫెడిపిన్ పిండే అలవాటును 1996లోనే వైద్యులు తీవ్రంగా ఖండించడానికి గల కారణాలలో ఒత్తిడిని అదుపులేకుండా కూల్చే దాని స్వభావం ముఖ్యమైనది.

6. గర్భంలో మొదలయ్యే ధమని: హైదరాబాదు పోషకాహార అధ్యయనం:

ఎలాస్టిన్ గర్భస్థ దశలో తయారవుతుందన్న విషయం నుంచి 1997లో మార్టిన్, గ్రీన్‌వాల్డ్ ఒక ప్రతిపాదన చేశారు: గర్భంలో ఎదుగుదల కుంటుపడితే ఎలాస్టిన్ కొరవడి, ధమని జీవితాంతం బిరుసుగానే ఉంటుందని. దీనిని పరీక్షించే అరుదైన అవకాశం మన నేలలో దొరికింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదుకు సమీపంలోని 29 గ్రామాలలో ఒక ప్రయోగం నిర్వహించింది. 15 గ్రామాలలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న-సోయా మిశ్రమంతో వండిన ఉప్మా అందింది; 14 గ్రామాలలో అప్పటికి ఆ కార్యక్రమం రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ళ వయసుకు చేరాక 1165 మందిని పరీక్షించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువగా ఉన్నారు, వారిలో ధమని కాఠిన్యసూచిక 3.3 శాతం తక్కువగా ఉంది.

ఈ ఫలితాన్ని ఉత్సాహంతో ఉటంకించేవారు రెండు విషయాలు మరువరాదు. అక్కడ కొలిచినది తరంగవేగం కాదు, ప్రతిఫలన తరంగం చేర్చే ఒత్తిడి శాతం. దానిపై మనిషి పొడవు ప్రభావం ఉంటుంది. రెండవది, అదే సమూహాన్ని యవ్వనంలో పరీక్షించి 2020లో ప్లాస్ మెడిసిన్‌లో ప్రచురించినప్పుడు, గర్భకాలపు అనుబంధాహారం సంతానంలో హృద్రోగ ముప్పును తగ్గించినట్లు ఆధారం కనిపించలేదు. తన తొలి ఫలితం నిలవలేదని తానే చెప్పిన ఈ అధ్యయనాన్ని నేను మరింత గౌరవిస్తాను. తల్లికి ఆహారం పెట్టడానికి ధమనిశాస్త్రం సాక్ష్యం అవసరం లేదు కూడా.

ఇటువంటి శోధనకు మన ప్రాంతంలో తెరచి ఉన్న మరొక ప్రశ్న ఫ్లోరోసిస్. నీటిలో ఫ్లోరైడు వల్ల అస్థివ్యాధికి గురైనవారిలో బృహద్ధమని సాగేగుణం తగ్గినట్లు 2010లో టర్కీ పరిశోధకులు చూపారు. నల్లగొండ ఉన్న రాష్ట్రంలో అది చదివి ఊరుకోదగిన వ్యాసం కాదు.

7. హుస్నాబాద్‌లో:

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో స్త్రీలలో నాలుగో వంతుకు పైగా, పురుషులలో మూడో వంతుకు చేరువగా రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు లేదా మందులు వాడుతున్నవారు. దేశ సగటుకంటే ఇది అధికం. 2017లో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలుత ఎంపికైన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. గోళీలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రం దాకా, ఆశా కార్యకర్త చేతిదాకా వచ్చాయి. మిగిలిన సమస్య వాటిని మానకుండా వాడడం. ‘తలనొప్పి తగ్గింది, గోళీ బంద్ చేసిన’ అనే మాటలో లక్షణాన్నే వ్యాధిగా భావించే పొరపాటు ఉంది. బిరుసెక్కుతున్న ధమని నొప్పి పుట్టించదు. క్లోనిడిన్, బీటా నిరోధకాల వంటివి హఠాత్తుగా మానితే రక్తపోటు మునుపటికంటే పైకి ఎగయవచ్చు.

బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం వల్ల రక్తపోటు క్షణకాలం 300 దాటగలదని వ్యాయామశాస్త్ర ప్రయోగాలు చూపాయి. బరువులెత్తుతూ విదారణకు గురైన యువకుల ఉదంతాలను 2003లో ఎలెఫ్టెరియాడెస్ బృందం నివేదించింది. మార్కెట్ యార్డులో నలభై కిలోల వడ్ల బస్తాలను రోజంతా మోసే హమాలీకి అది వ్యాయామం కాదు, జీతం. బరువు మానమనడం అర్థరహితం. అతని రక్తపోటును పనిచోటనే కొలవడం, బరువెత్తేటప్పుడు ఊపిరి వదలడం నేర్పడం సాధ్యమైన పనులు.

మరొకటి, ఇంతవరకు తెలుగులో తగినంత చర్చకు రానిది. సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కుటుంబం బృహద్ధమని చిరిగే ముప్పును పెంచవచ్చునని 2018 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ధమని ఉబ్బు ఉన్నవారు, అధిక రక్తపోటు గలవారు, వృద్ధులు వేరే మార్గం ఉన్నంతవరకు వాటిని వాడరాదని సూచించింది. విరేచనాలకూ జ్వరానికీ ఇవే గోళీలు మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరుకుతాయి. అందరికీ ప్రమాదమని కాదు. బీపీ గోళీ వాడే అరవై ఏళ్ళ వ్యక్తికి ఇచ్చేముందు ఒక ప్రశ్న అడగాలి.

అత్యవసర స్థితిలో అతిపెద్ద ప్రమాదం రోగనిర్ణయంలో ఉంది. గుండెపోటు అనుకొని గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, చిరిగిన బృహద్ధమని ఉన్నవానికి అది ప్రాణాంతకం కావచ్చు. మరోవైపు అసలైన గుండెపోటులో ఆ ఇంజెక్షన్‌ను ఆలస్యం చేయడమూ ప్రాణాంతకమే, అటువంటి రోగులే ఎన్నోరెట్లు ఎక్కువ. చిన్న ఆసుపత్రిలోని వైద్యునికి ఈ సందిగ్ధంలో ఖర్చులేని సాధనం రెండు చేతులలోనూ రక్తపోటు చూడడం. 20 మి.మీ.కు మించిన తేడా, ఒక మణికట్టులో నాడి అందకపోవడం, ఛాతీనొప్పితో పాటు కాలు చచ్చుబడడం ఉంటే ముందు సి.టి. చిత్రణ అవసరం. ఇవి లేనంతమాత్రాన విదారణ లేదని చెప్పలేము.

ఇక్కడే భాష ప్రవేశిస్తుంది. పాఠ్యగ్రంథాలలో ఈ నొప్పి ‘చీల్చినట్లు’ ఉంటుందని రాస్తారు. అంతర్జాతీయ నమోదులో చీల్చినట్లుందని చెప్పినవారు సగం మందే. పదునుగా పొడిచినట్లుందన్నవారు అంతకంటే ఎక్కువ. 85 శాతం మందిలో సమానంగా కనిపించింది నొప్పి స్వభావం కాదు, అది ఒక్కసారిగా రావడం. ఉత్తర తెలంగాణ వాడుకలో సలుపు, గుంజుడు, తీపులు, పోటు, మంట వేర్వేరు బాధలు. ‘రొమ్ముల మొదలై ఈపులకు దిగింది’ అని మృతుని భార్య చెప్పే వాక్యంలో నొప్పి ప్రయాణమార్గం ఉంది. ఆ మార్గం బృహద్ధమని మార్గమే కావచ్చు. శవపరీక్ష లేని మరణాలకు కుటుంబసభ్యులను ప్రశ్నించి కారణం నిర్ధారించే మౌఖిక శవపరీక్షా పద్ధతిలో ప్రశ్నావళి అనువాదాలు ఇటువంటి తేడాలను ‘ఛాతీలో నొప్పి ఉండెనా?’ అనే ఒక్క ప్రశ్నలో కలిపివేస్తే, నమోదయ్యే జవాబు కూడా ఒక్కటే అవుతుంది. నొప్పి ఏ క్షణాన మొదలైంది, ఎక్కడినుంచి ఎక్కడికి జరిగింది, అంతకుముందు ఎన్నేళ్ళుగా బీపీ గోళీ వాడారు, ఎప్పుడు మానారు అనే నాలుగు ప్రశ్నలను హుస్నాబాద్ మాటతీరులో కూర్చి, ఆశా కార్యకర్తల సహాయంతో ఒక ఏడాది మరణాలపై పరీక్షించే పని వైద్యకళాశాలా తెలుగుశాఖా కలిసి చేయదగినది. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్యకళాశాల ఉంది.